మూడో నియమం

ప్రొద్దుటూరులో ఏది వేళకు వచ్చినా రాకపోయినా, మధ్యాహ్నం కరెంటు మాత్రం వేళకు పోతుంది. శివాలయం వీధిలోని నూరుల్లా కంప్యూటర్ సెంటరులో ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగాయి. బల్లల కింద బ్యాటరీలు కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టాయి. సుబ్బరాయుడు కుర్చీలోంచి కదలలేదు. తెర మీద పచ్చగీత సగం దాటి ఉంది. బ్యాటరీలు చచ్చేలోగా ఇంకాస్త పాకుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గీత పాకలేదు గానీ తెర నల్లబడింది. పొద్దున తలుపు తీస్తూనే మొదలుపెట్టిన పని ఏట్లో కలిసింది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే.

నూరుల్లా లోపలి గదిలోంచి వచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. తిట్టే మనిషైతే తిట్టించుకుని ఊరుకోవచ్చు. ఆయన తిట్టడు. నిలబడి, నల్లటి తెరను కాసేపు చూసి, మళ్లీ లోపలికి పోతాడు. సుబ్బరాయుడికి అదే ఎక్కువ గుచ్చుకునేది.

వానలు మొదలైతే జమ్మలమడుగు మార్కెట్ యార్డులో రైతులకు సబ్సిడీ మీద వేరుశనగ విత్తనకాయలు ఇస్తారు. అందరూ ఒకే రోజు ఎగబడి తొక్కుకోకుండా, ఎవరు ఏ రోజు రావాలో రాసిన స్లిప్పులు ముందే పంచుతారు. ఆ స్లిప్పులు అచ్చువేసే పని నూరుల్లాది. రైతుల వివరాలు ఎక్స్ఎమ్ఎల్ అనే పద్ధతిలో ఒకే పొడుగాటి ఫైలుగా వచ్చాయి. పేరుకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు. ఊరికీ, వీధికీ, పట్టాకూ అంతే. అది మనుషులు చదివేది కాదు. దాన్ని స్లిప్పులుగా మార్చడానికి స్టైల్‌షీట్ కావాలి. స్టైల్‌షీట్ అంటే నియమాల పత్రం. ఇలాంటిది కనిపిస్తే ఇలా రాయి, అలాంటిది కనిపిస్తే అలా రాయి అని చెబుతుంది. కంప్యూటరు ఆ నియమాలు పట్టుకుని ఫైలంతా తిరిగి స్లిప్పులు రాసుకొస్తుంది. సుబ్బరాయుడికి తెలిసిన విద్య అది. గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టి, ఈ విద్య ఎలా అబ్బిందని అడిగితే, మందలో ఏ గొర్రె ఎవరిదో చూడగానే చెప్పడం కన్నా ఇది తేలికే అంటాడు.

పోయినేడు స్లిప్పులు నాలుగైదు ఊళ్లకే. ఈ ఏడు జమ్మలమడుగు పక్క ఊళ్లన్నీ కలిపి ఇచ్చారు, పులివెందుల పక్కవి కూడా కొన్ని చేర్చారు. పోయినేటి స్టైల్‌షీటే వాడితే అది దమ్ముకు తట్టుకోలేని ఎద్దులాగా మధ్యలో కూలబడుతోంది.

ఎందుకు కూలబడుతోందో సుబ్బరాయుడికి తెలియనిది కాదు. రాసింది తనే. అప్పట్లో చెయ్యి తిరగలేదు. ఒక రైతు పట్టా ఏదో వెతకాలంటే, ప్రతిసారీ ఫైలు మొదటికి పోయి అక్కడినుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రమ్మని రాశాడు. ఊళ్లో ఎవరిల్లు అడిగినా, ఊరి మొదట్నుంచి ప్రతి తలుపూ కొట్టుకుంటూ వచ్చినట్టు. నాలుగు ఊళ్లకు అది చెల్లింది. ఇప్పుడు చెల్లదు.

సాయంత్రం కరెంటు రాగానే చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, బనీనుతో కూర్చున్నాడు. మొదట ‘కీ’ రాశాడు. పట్టా నంబరు చెబితే మనిషి ఎక్కడున్నాడో చూపించే సూచిక అది. మెషీను ఒక్కసారి ఫైలు చదివి సూచిక కట్టుకుంటుంది, తర్వాత వెతుకులాట ఉండదు. అది రాసేసరికే సగం బరువు దిగింది. మిగిలిన సగం వేరే చోట ఉంది.

ఆ చోటు గురించి కాగితం మీద ఎవరూ ఏమీ రాసివ్వలేదు. పోయినేడు యార్డు ఉద్యోగి ఒకాయన టీ తాగుతూ నోటి మాటగా చెప్పాడు. పార్టీలున్న ఊళ్లలో రెండు పార్టీలవాళ్లనూ ఒకే రోజు పిలవద్దని. ఆయన చెప్పకపోయినా సుబ్బరాయుడు ఆ పని చేసేవాడే. అతని ఊరు నల్లగుండ్లపల్లెలో మీదిల్లు, కిందిల్లు అని రెండు పార్టీలు, మీదివీధి ఒకరిది, కిందివీధి ఒకరిది. అక్కడ మీదింటివాళ్లు ఎక్కిన బస్సు కిందింటివాళ్లు ఎక్కరు. పెళ్లి పిలుపులకు వచ్చే బంధువులు కూడా ముందు ఎవరి వీధిలోనుంచి రావాలో అడిగి తెలుసుకుని వస్తారు. విత్తనకాయల వరసలో ఇద్దరి భుజాలూ తగిలితే కాయల సంచులకు బదులు శవాలు ట్రాక్టరెక్కుతాయి. అందుకని మీదివీధి వాళ్లకు మొదటి రోజు, కిందివీధి వాళ్లకు రెండో రోజు వచ్చేలా నియమాలు రాశాడు. తన చదువు ఊరికి పనికొచ్చిన ఒకే ఒక్క సందర్భం అదేనని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇక మిగిలింది ఏ వీధికీ చెందనివాళ్లు. ఊరి బయట దొడ్ల దగ్గర ఉండే గొర్రెలవాళ్లు, ఒక మేదరిల్లు, కుమ్మరివాళ్లు రెండిళ్లు. వాళ్లను పోయినేడు వచ్చిన వరసలో ఒకరిని ఈ రోజుకు, ఒకరిని ఆ రోజుకు పంచాడు. అలా పంచడానికి, ఈ మనిషికి ముందు ఇలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో మెషీను ప్రతిసారీ మొదట్నుంచి లెక్కపెట్టాలి. ప్రాణం తీస్తోంది ఆ లెక్కే.

సుబ్బరాయుడు దాన్ని కొట్టేశాడు. దాని బదులు, ముందుగానే ఒక్కసారి ఫైలంతా తిరిగి ప్రతి ఇంటికీ ‘వైపు’ అని ఒక గుర్తు తగిలించే చిన్న స్టైల్‌షీట్ రాశాడు. మీదివీధి అయితే ఒకటి, కాకపోతే రెండు. అంతే. అసలు స్టైల్‌షీట్ ఇక ఏమీ ఆలోచించదు, గుర్తు చూసి స్లిప్పు రాసి ముందుకు పోతుంది.

స్లిప్పులు సరిచూసే వైదేహి వెనక నిలబడి చదివింది. ఆమె తండ్రి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అక్షరం తప్పితే ఆమెకు అన్నం సయించదు.

“కాకపోతే రెండా? కిందివీధి వాళ్లు కానివాళ్లు కూడా రెండులోకి పోతారు కదా, సుబ్బరాయుడూ?”

“పోతే పోనీలే వైదేహక్కా. ఒకటో దినమైనా, రెండో దినమైనా ఇచ్చేది శెనక్కాయలే గదా. ఆ నాలుగిండ్ల కోసరం మూడో నియమం పెడితే, ప్రతి మనిషి కాడా మెషీను నిలబడుకోని దాన్ని గూడా అడిగి చూస్తాది. పనికిరాని నియమం ఒక్కటి గూడా ఉండగూడదు. అదే ఈ పనిలో కిటుకు.”

ఆ నాలుగిళ్లలో ఒకటి అతని చిన్నమ్మ సుంకులమ్మది. ఆ సంగతి అతనికి గుర్తు లేక కాదు. గుర్తుంది. ఏ రోజైతే ఏమిటి అనుకున్నాడు.

మీట నొక్కాడు. గీత జరజరా పాకి చివరికి పోయింది. వైదేహి గ్లాసులో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. నూరుల్లా లోపలినుంచి వచ్చి, మిషను చెడిపోయిందేమోనని భయపడి, తర్వాత నమ్మి, ఉగ్గాని బజ్జీలు తెప్పించాడు. సుబ్బరాయుడు నాలుగు బజ్జీలు తిని, ప్రింటరు కక్కే స్లిప్పులను కట్టలు కడుతూ కూనిరాగం తీశాడు. ప్రతి స్లిప్పు మీదా పేరు, ఊరు, వాటి పక్కన దూరానికి కూడా కనిపించేంత పెద్ద అంకె. ఒకటి, లేకపోతే రెండు.

మరునాడు స్లిప్పులకు చెన్నకేశవులు వచ్చాడు. నల్లగుండ్లపల్లె మీదింటాయనకు కుడిభుజం. ఆయన తరఫున కాంట్రాక్టులు చేసేదీ, పంచాయితీలు తెంచేదీ, అవసరమైతే ఇతర పనులు చూసేదీ ఇతనే. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ కండువా మీదింటికి ముందుగా వస్తుంది కాబట్టి విత్తనాల సొసైటీ కూడా ఇప్పుడు వాళ్ల చేతిలోనే ఉంది. మనిషి ఎంతో మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. వైదేహికి నమస్కారం పెట్టాడు.

కట్టలోంచి నాలుగు స్లిప్పులు తీసి, దూరంగా పట్టుకుని చదివాడు. తర్వాత వెనక్కి వెళ్లి ఇంకో నాలుగు తీశాడు. అతని మొహంలోకి నెమ్మదిగా సంతోషం వచ్చింది.

“ఏమప్పా రాయుడూ, శానా సక్కగా ఇడదీసినావే. పోయినేడు కలగాపులగంగా ఉండె. ఈ యేడు ఒక్కడు గూడా జారిపోలేదు.”

మెచ్చుకోలు ఎవరి నోట వచ్చినా మెచ్చుకోలే. సుబ్బరాయుడు పొంగిపోయి, పాత స్టైల్‌షీట్ ఎలా ఉండేదో, కొత్తది ఎలా నడుస్తుందో చెప్పుకొచ్చాడు. చెన్నకేశవులు శ్రద్ధగా విన్నాడు. రెండు అంకె ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే కావాలంటే వస్తాయా అని అడిగాడు. సుబ్బరాయుడు గొప్పకు పోయి తెర మీద తెప్పించి చూపించాడు. అడిగిన మాట పూర్తయ్యేలోపలే వచ్చాయి. చెన్నకేశవులు కళ్లజోడు పెట్టుకుని, తెర దగ్గరికి వంగి, పైనుంచి కిందికి చదువుకుంటూ పోయాడు. మధ్యలో ఒక చోట ఆగాడు.

“సుంకులమ్మోళ్లు గూడానా?” అన్నాడు తనలో తను.

అది ప్రశ్నో కాదో తెలియలేదు. అప్పుడైనా ఒక్క మాట చెప్పి ఉండవలసింది. కాకపోతే రెండు అన్నాను గానీ అది వైపు కాదు, ఉత్త రోజు మామా అని. సుబ్బరాయుడు నోరు తెరిచేలోపల చెన్నకేశవులు నూరుల్లా వైపు తిరిగి, స్థానిక ఎన్నికలు వస్తున్నాయి, ఓటు స్లిప్పులు కూడా మీ దగ్గరే వేయిస్తాం, ఈ ఫైలు సీడీలో ఎక్కించి ఇయ్యండి అన్నాడు. నూరుల్లా ఒక్క క్షణం సుబ్బరాయుడి మొహం చూశాడు. ఆ ఊరివాడు ఏమైనా అంటాడేమోనని చూశాడు.  సుబ్బరాయుడు సీడీ మీద ఊరి పేరు తనే రాసి, కవరులో పెట్టి ఇచ్చాడు.

సుంకులమ్మ ఇంటి సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాళ్ల గొర్రెల మంద ఒక వారం మీదింటి చేలల్లో, ఒక వారం కిందింటి చేలల్లో రాత్రిళ్లు పడుకుంటుంది. పెంటికల ఎరువు లేకపోతే ఆ ఎర్రరాళ్ల నేలలో ఏదీ పండదు. అందుకే రెండు వర్గాలకూ ఆ మంద కావాలి. మంద ఎవరి చేలో పడుకున్నా వేసేది పెంటికలే, పార్టీ జెండాలు కాదు అని సుంకులమ్మ మొగుడు అనేవాడట. ఆయన ఉండగానే గండి క్షేత్రానికి పోయి, ఆంజనేయస్వామి ఎదుట రెండిళ్ల పెద్దమనుషులనూ నిలబెట్టి, మేం ఎవరి వెంటా రాము, ఎవరి మాటా ఇంకొకరికి మోయం అని తడిబట్టలతో ప్రమాణం చేశాడు. రెండిళ్లవాళ్లూ సరేనన్నారు. ఊళ్లో ఎన్ని తలలు తెగినా ఆ ప్రమాణానికి మాత్రం దెబ్బ తగల్లేదు. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. రాయకపోవడమే దానికి రక్ష.

విత్తనాలు ఇచ్చే రెండో రోజు సుబ్బరాయుడు జమ్మలమడుగు యార్డులో ఉన్నాడు. స్లిప్పు పోగొట్టుకున్నవాళ్లకు మళ్లీ వేసివ్వడానికి నూరుల్లా అతన్ని చిన్న ప్రింటరు ఇచ్చి పంపాడు. వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. వాన పడి వెలిసిన నేల ఆవిర్లు కక్కుతోంది. ముందు రోజంతా మీదింటి ట్రాక్టర్లు గోదాము దగ్గరికి వచ్చి పోతూనే ఉన్నాయట. ఒక్కో ట్రాక్టరు ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చిందని కాఫీ అంగడి ముసలమ్మ చెప్పింది.

పొద్దెక్కేసరికి రెండో రోజువాళ్లు గోడ వెంబడి వరసకట్టారు. చంకల్లో ఖాళీ గోనెసంచులు, చేతుల్లో స్లిప్పులు. సుంకులమ్మ కొడుకు గంగులయ్యతో వచ్చి, వరసకు కాస్త ఎడంగా నిలబడింది. ఎక్కడికి పోయినా అలా ఎడంగా నిలబడటం ఆమెకు అలవాటు. గంగులయ్య గొంగడి భుజాన వేసుకుని, చేతికర్రను రెండు మోచేతుల మధ్య వీపుకు అడ్డంగా పెట్టుకున్నాడు. సుబ్బరాయుడిని చూసి నవ్వాడు. ఈ ఏడు మూడెకరాలూ వేస్తానని, కాయలు పడితే చిన్నమంద ఒకటి పెంచుతానని మొన్న ఫోనులో చెప్పాడు.

గోదాము తలుపు ఒక పక్క మాత్రమే తెరిచారు. గుమాస్తా బయటికి వచ్చి స్టాకు అయిపోయిందన్నాడు. లారీ వస్తే చెప్పి పంపుతాం అన్నాడు. అతను ఆ మాట చెప్పినంత సేపూ ఎవరి మొహమూ చూడలేదు.

 సుబ్బరాయుడు లేచి వరస చివరిదాకా చూశాడు. అతను రాసిన రెండు అంకె ఆ గోడ పొడుగునా చేతుల్లో కనబడుతోంది. ఒకటి ఉన్నవాడు ఒక్కడూ లేడు. పోయినేడు ఇలా చేయడం మీదింటివాళ్లకు కుదరలేదు. ఏ వైపూ కానివాళ్లు రెండు రోజుల్లోనూ కొందరు కొందరు ఉన్నారు. రెండో రోజు ఆపితే వాళ్లకూ ఆగేది, వాళ్ల మంద మీదింటికీ కావాలి. ఈ ఏడు తనే ఏరి, తూర్పారబట్టి, పొల్లు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు పోసి ఇచ్చాడు.

కిందింటి మనిషి ఒకడు వరసలోంచి వచ్చి గంగులయ్య చేతిలో స్లిప్పు చూసి, భుజం మీద చెయ్యి వేశాడు. “మాతో కలిసినారని ఒక మాటన్నా చెప్పలేదే గంగులయ్యా. కలిసినోడివి ఎడంగా నిలబడుకుంటే ఎట్లప్పా, రా ఇట్ల” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. గంగులయ్య చెయ్యి తీసేసి, మేం ఎవరితోనూ కలవలేదు అని చెప్పాడు. అప్పటికే మొదటి రాయి గోదాము తలుపుకు తగిలింది.

తర్వాత జరిగింది ఎవరూ వరసగా చెప్పలేరు. రాళ్లు, కేకలు, గుమాస్తా నెత్తిన నెత్తురు, పోలీసు జీపు, లాఠీలు. సుబ్బరాయుడు ప్రింటరును కావిలించుకుని బల్ల కిందికి దూరాడు. అక్కడినుంచి చూస్తే గంగులయ్య తల్లిని రెండు చేతులా ఎత్తుకుని ఆగి ఉన్న లారీ కిందికి పోవడం కనబడింది. తూకం గది మెట్ల మీద చెన్నకేశవులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరు రాయి వేశారో, ఎవరు వెయ్యలేదో చూడాల్సిన అవసరం అతనికి లేదు. పేర్లు ముందే అతని దగ్గర ఉన్నాయి.

అంతా సద్దుమణిగాక సుంకులమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. స్లిప్పు బల్ల మీద పెట్టి, అంకె మీద వేలు ఆనించింది.

“ఇది నువ్వే రాసినావంట గదా, రాయుడూ?”

అతను చెప్పాడు. అది వైపు కాదు చిన్నమ్మా, దినం. మిషన్ తొందరగా నడవాలని, లెక్క తగ్గించాలని అట్ల రాసినా అన్నాడు. చెబుతుంటే తనకే ఆ మాటలు డొల్లగా వినిపించాయి. ఆమె తిట్టలేదు. విని, స్లిప్పును నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

“తొందరపని నాయనా ఇది. మా ఇంటాయనకు గండి పొయ్యి ఆ మాట ఇప్పించుకునేదానికి మూడేండ్లు పట్టింది” అంది.

రెండు రోజులకు గంగులయ్యను ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చారు. తెల్లవారుజామున మందను దొడ్లోంచి తోలుకుపోతుంటే వంక దగ్గర కాచుకున్నారు. ప్రాణం తీయలేదు. రెండు కాళ్లకూ మోకాళ్ల కింద గొడ్డలి తిరగేసి, దాని వెనక మొద్దుతో కొట్టారు. గొర్రెలవాడికి కాళ్లు తీస్తే ఇంకేమీ తీయనక్కరలేదని కొట్టినవాళ్లకు బాగా తెలుసు.

సుబ్బరాయుడు పరుగెత్తుకుని పోయేసరికి మంచం చుట్టూ కిందింటివాళ్లు కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ గొర్రెలవాళ్ల గడప తొక్కనివాళ్లు బత్తాయిలు తెచ్చి, గంగులయ్య తలగడ సర్దుతున్నారు. మావాణ్ని కొట్టినారు, మావాడి కాళ్లకు బదులు రెండు తలలన్నా తెగాల అంటున్నారు. పోలీసులు వచ్చి రాసుకుపోయిన దాంట్లో కూడా బాధితుడు ఫలానా వర్గం మనిషి అనే రాశారు. గంగులయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. మందు మత్తో, మనుషుల్ని చూడలేకో తెలియలేదు. సుబ్బరాయుడు అతని చెయ్యి పట్టుకుంటే, విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు.

అక్కడ నిలబడలేక సెంటరుకు వచ్చి, చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు. స్టైల్‌షీట్ తెరిచాడు. మీదివీధి అయితే ఒకటి, కిందివీధి అయితే రెండు, ఏ వైపూ కాకపోతే ఏ గుర్తూ వద్దు. ఇన్నాళ్లూ రాయనన్న మూడో నియమం రాశాడు.  మెషీను నిదానమైతే కానీ, ప్రతి మనిషి దగ్గరా ఆగి అడిగితే అడగనీ. అడగవలసిందే. అది మొదటే అడిగి ఉంటే గంగులయ్య ఈపాటికి మంద వెంట నడుస్తూ ఉండేవాడు.

రాసి, నూరుల్లా దగ్గరికి పోయి, సీడీ వెనక్కి తెప్పించు భాయ్, కొత్తది ఇద్దాం అన్నాడు. నూరుల్లా తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

“సీడీ ఒకటే ఉందనుకుంటాండావా, రాయుడూ? ఈపాటికి ఎన్ని తీసినారో. ఐనా చెన్నకేశవులు రేపు సవరణలకు వస్తాడంట. ఇస్తే ఈ కొత్తదే ఇద్దాం. నేను నిన్ను ఒగ మాట అనను. ఆ పొద్దు నేను నీ మొగం చూస్తి, నువ్వు నా మొగం చూస్తివి.”

పొద్దు వాలుతుండగా సుంకులమ్మే సెంటరుకు వచ్చింది. ఆసుపత్రి నుంచి నడిచే వచ్చినట్టుంది, పాదాల నిండా దుమ్ము. వైదేహి కుర్చీ వేస్తే కూర్చోలేదు, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. సుబ్బరాయుడు ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని, తెర చూపిస్తూ తను చేసిన దిద్దుబాటు చెప్పాడు. ఇక మీదట మీ ఇంటికి ఏ అంకే ఉండదు చిన్నమ్మా, ఏ వైపూ కాదని మిషన్‌కే చెప్పినా అన్నాడు. సంతోషిస్తుందని కాదు గానీ, కనీసం తల ఊపుతుందనుకున్నాడు.

“దాన్ని తీసెయ్ నాయనా. మమ్మల్ని ఒకటిలో రాయి” అంది.

వైదేహి చేతిలో కాగితాలు కదలడం మానేశాయి.

“ఒకటంటే వాళ్లే చిన్నమ్మా. గంగులయ్యను కొట్టినోళ్లే.”

“నాకు తెలీదా యాందీ. కిందింటోళ్లు మా పేరు మీద ఇంగ ఎవుర్నో నరుకుతారు. నరికితే మీదింటోళ్లు మల్లా మా కాడికే వస్తారు. ఈ తూరి కాళ్లతో ఇడిసిపెట్టరు. చెన్నకేశవులు కాడికి పొద్దున నేనే పోయినా. మా మంద ఇంగ మీదింటి చేలల్లోనే పడుకుంటాదని చెప్పినా. మేదరోళ్లు గూడా పోయి మేము ఒకటేనని చెప్పుకున్నారు. కుమ్మరోళ్లు ఒకిల్లు అట్ల, ఒకిల్లు ఇట్ల చెప్పుకున్నారు. ఒంటిగా ఉండేదానికి ఇంగ ఊర్లో చోటు లేదు. గండికి పొయ్యి ఆ స్వామికి నేను చెప్పుకుంటాలే. నువ్వు రాయి.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సుబ్బరాయుడు ఏడ్చి ఉండేవాడు. అతను లేచి కుర్చీలో కూర్చున్నాడు.

ఒక్క ఇంటికి మాత్రం మినహాయింపు రాయడం ఈ విద్యలో అన్నిటికన్నా తేలిక. అందరికీ వర్తించే నియమం పక్కన, ఈ పట్టా నంబరు అయితే ఇలా అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఎంత పెద్ద నియమమైనా ఆ ఒక్కరి కోసం రాసిన దానికి దారి వదులుతుంది. సుంకులమ్మ పట్టా నంబరు కొట్టాడు. ఒకటి అని రాశాడు. ఆమె చెప్పినట్టు మేదరివాళ్లవీ, కుమ్మరివాళ్లవీ కూడా వరసగా రాశాడు. మీట నొక్కాడు. గీత ఒక్క చిటికెలో చివరికి పోయింది.

సుంకులమ్మ తన పేరున్న కాగితం అడిగింది. అచ్చువేసి ఇచ్చాడు. ఆమె అంకె మీద వేలు పెట్టి చూసుకుని, రొంటిలోంచి పాత స్లిప్పు తీసి బల్ల మీద పెట్టి, కొత్తది దోపుకుంది. కొడుకు దగ్గర తనవాళ్లెవరూ లేరని, కిందింటివాళ్లు బత్తాయిలు తినిపిస్తారేమోనని, ఆగకుండా వెళ్లిపోయింది.

వైదేహి అలవాటుగా కాగితాలు సరిచూస్తోంది. ఒకటి ఉన్న పేర్లు ఒక కట్ట, రెండు ఉన్న పేర్లు ఒక కట్ట. మూడో కట్ట కోసం ప్రింటరు పళ్లెంలోకి చూసింది. పళ్లెం ఖాళీగా ఉంది.

“మూడో నియమానికి ఎవరూ రాలేదు, సుబ్బరాయుడూ. మిగతా ఊళ్లలో ముందునుంచీ అందరూ ఏదో ఒక వైపే” అంది నెమ్మదిగా.

అతను తెర వంక చూశాడు. ఏ వైపూ కాకపోతే ఏ గుర్తూ వద్దు. ఎవరికీ తగలని నియమం ఉంచితే, మెషీను ప్రతి ఇంటి ముందూ ఆగి, మీరు ఏ వైపూ కాదా అని అడిగి, కాదనిపించుకుని, ముందుకు పోతూ ఉంటుంది. రేపు మధ్యాహ్నం కరెంటు పోయేలోపల పని తెమలాలి.

ఆ నియమాన్ని మొదట్నుంచి చివరిదాకా గుర్తుపెట్టి, తీసేశాడు.